నుడిసీమ రాజు

తూంకుంటలో కరీంనగర్ రోడ్డు పక్కన కుట్టుమిషన్ పెట్టుకున్న బాలనర్సయ్యకు అరవై ఏళ్లు దగ్గర పడ్డాయి. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. వాటిని మించి ముదిరిన జబ్బు ఇంకొకటి ఉంది, ఓర్వలేనితనం. పక్క దుకాణానికి గిరాకీ ఎక్కువని ఏడ్చే రకం కాదు లెండి. అలాంటి చిల్లర కుళ్లు ఆయనకు లేదు. ఆయన కుళ్లంతా ఒక్క మనిషి మీదే. ఆ మనిషి హేమచంద్.

హేమచంద్ వాళ్లది భీమవరం. తండ్రి వెంకటేశ్వరరావు ఉద్యోగం మీద వచ్చి, వెనక కాలనీలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. తల్లి పద్మజ కూడా ఆఫీసుకు వెళ్లేది కాబట్టి పిల్లవాణ్ణి బాలనర్సయ్య భార్య సాలమ్మ చూసుకునేది. చూసుకోవడమేమిటి, పెంచింది. పిల్లలు లేని మనిషి, చంకలోంచి దించితే ఒట్టు. నడక ఆమె దగ్గరే, మాట ఆమె దగ్గరే, పాట ఆమె దగ్గరే. ఇప్పుడు వాడు శామీర్‌పేటలో ఏదో ల్యాబులో పనిచేస్తున్నాడు. ఇంట్లో అమ్మానాన్నలతో గోదావరి యాసలో మాట్లాడతాడు గానీ, గడప దాటితే వాడి నోట్లోంచి వచ్చేది సాలమ్మ మాటే. రోజూ సాయంత్రం బండి ఆపి "అవ్వా, తిన్నవా" అంటాడు. ఆ ఒక్క మాటకే ఆమె మొహం వెలిగిపోతుంది. తనను చూసి ఎన్నడైనా అలా వెలిగిందా అని బాలనర్సయ్య గుర్తు చేసుకుంటాడు. గుర్తుకు రాదు. ఒళ్లు మండిపోతుంది.

ఈసారి దసరా సెలవుల్లో ఊరివాళ్లూ కాలనీవాళ్లూ కలిసి బాగోతం ఆడదామనుకున్నారు. కథ రాసింది సుచిత్ర, ఊరి ఆడబిడ్డే, బళ్లో పాఠాలు చెబుతుంది. నుడిసీమ అని ఎక్కడా లేని దేశం ఒకటి. మా మాటతో పుట్టినవాళ్లే మావాళ్లు, తక్కినవాళ్లు పొలిమేర దాటండి అని అక్కడి రాజు చాటింపు వేయిస్తాడు. రాజు వేషానికి హేమచంద్‌ను అనుకుంటున్నారని తెలిసిన రోజున బాలనర్సయ్య ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. వయసులో ఉండగా మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లన్నిటా రాజు వేషం కట్టిన మనిషి మరి.

మిషన్ ఆపి తిన్నగా సుచిత్ర ఇంటికి వెళ్లాడు.

"నేనుండంగ గా పోరడు రాజేంది బిడ్డా?"

"మస్తు పాడుతుండు కాకా. ఒక్కసారి ఇని చెప్పు."

"ఎంత పాడినా గాళ్లు గాళ్లే. మాట రక్తంల ఉండాలె. మన రాజు వేషం గూడ గాళ్లకిస్తే ఇగ మనకేం మిగిలింది?"

సుచిత్ర ఆయన మొహంలోకి చూసింది. తను రాసిన రాజు మాటలే అవి.

బాలనర్సయ్య అంతటితో ఊరుకోలేదు. చాయ్ హోటల్లో అదే ముచ్చట, మంగలి షాపులో అదే ముచ్చట. హోటల్ యాదయ్య తలూపాడు, మంగలి గండయ్య తలూపాడు. నాలుగు రోజులకు సగం ఊరు ఆయన వెనక నిలబడింది. అప్పుడు హేమచంద్ తనే దుకాణానికి వచ్చాడు.

"రాజు నువ్వే ఎయ్యి తాతా. నేను పొలిమేర దాటి పోయేటోళ్లల్ల ఉంట."

అదుగో, అది మరీ కాల్చింది. కొట్లాడి గెలుచుకుందామనుకున్న వేషాన్ని ఆ పిల్లగాడు దానంగా ఇచ్చి పోయాడు.

"గా పిలగాడు నీకేం జేసిండయ్యా?" అని అన్నం పెడుతూ అడిగింది సాలమ్మ.

"నా ఇంట్ల నన్ను లేకుండ జేసిండు" అన్నాడు బాలనర్సయ్య. సాలమ్మ చారు వడ్డించింది.

బాగోతంలో ఒక పద్ధతుంది. రాజు ఎంత గొంతున్నవాడైనా పాట ఒక్కడే నడపలేడు. చరణం ఎత్తుకుని ఆగుతాడు. వెనక నిలబడిన వంతవాళ్లు దాన్ని అందుకోవాలి, అప్పుడే పాట ముందుకు సాగుతుంది. తూంకుంటలో వంతకు పెద్ద సాలమ్మ. తక్కిన ముగ్గురూ ఆమె ఎత్తుకుంటేనే గొంతు కలుపుతారు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆట. కాలనీ హాలు నిండిపోయింది. కిరీటం పెట్టుకుని బాలనర్సయ్య దర్జాగా కూర్చున్నాడు. ఒక్కొక్కరినే వెళ్లగొడుతున్నాడు. హేమచంద్ వంతు వచ్చింది. కథ ప్రకారం "పో" అంటే చాలు. ఆ ఒక్క ముక్కతో ఆయన కడుపు నిండలేదు. బాగోతంలో సొంత మాట కలపడం వేషగాళ్లకు అలవాటే.

"గీ మాట నీకు ఏడికెళ్లి వచ్చిందిరా? ఎవరి తాన ఎత్తుకొచ్చినవ్?"

హేమచంద్ తడబడ్డాడు. తరువాత ఉన్నమాటే చెప్పాడు. "ఎత్తుకరాలే రాజా. సాలవ్వ ఇచ్చింది."

జనం గొల్లున నవ్వి వంతవాళ్ల వైపు చూశారు. సాలమ్మ మొహం అలాగే వెలిగింది. బాలనర్సయ్య దాన్ని చూశాడు. ఇక ఒళ్లు తెలియలేదు.

"అయితే ఇచ్చినోళ్లు గూడ నీ ఎంబడే పోవాలె. గిదే నా హుకుం."

సాలమ్మ చేతిలోని కంచు తాళాలు కింద పెట్టింది. కొంగు సవరించుకుని ముందుకు వచ్చి, హేమచంద్ చెయ్యి పట్టుకుని, మెల్లగా మెట్లు దిగింది. ఇదీ కథలోదేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఇక మిగిలింది రాజు గెలుపు పాట. మద్దెల మోగింది. "నా సీమ నాదాయె, నా మాట నాదాయె" అని ఎత్తుకుని బాలనర్సయ్య ఆగాడు. వంత రాలేదు. మళ్లీ ఎత్తుకున్నాడు. వెనక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడోసారికి పాట అక్కడే తెగిపోయింది.

కింద నిలబడ్డ హేమచంద్ చూడలేక ఆ చరణం అందుకోబోయాడు. సాలమ్మ వాడి నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"ఊకో బిడ్డా. రాజు మనల్ని ఎల్లగొట్టిండు గద" అంది.

ఆ మాట బాలనర్సయ్యకు స్టేజీ మీదికి వినబడింది.