గోదాం కంప్యూటర్ నుంచి వచ్చిన మాట

నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి... తర్వాత నవ్వద్దు. గిది నాకే జరిగింది. మా కోరుట్ల ఇంట్లనే.

పోయిన వానకాలం. మా ఆయన గొల్లపల్లి దిక్కు ఒక గోదాంల కంప్యూటర్లు చూసుకుంటడు. గా రోజు ఒకటే వాన. చీకటి పడ్డది... మనిషి రాలే. ఫోను స్విచాఫ్. దారిల వాగు పొంగిందని పక్కింటోళ్లు అన్నరు.

నాది గూడ కంప్యూటర్ పనే. ఇంట్ల కూసోనే దూరంల ఉన్న కంప్యూటర్లను కమాండ్లతోని నడిపిస్త. గోదాంలనే చిక్కుకున్నడేమో... నిద్రపట్టిందేమో... బీప్ బీప్‌మని మోగే చిన్న స్క్రిప్టు, గదే ప్రోగ్రాం, రాసిన... ఆయనను లేపనీకి. ముందుగాల నా లాప్‌టాప్‌లనే నడిపి చూసిన. మోగింది. తర్వాత గోదాం కంప్యూటర్‌కు కనెక్ట్ చేసిన. కలిసింది! అంటే ఆన్‌ల ఉన్నట్టే గదా... ఆయన ఆడ ఉన్నట్టే గదా! గట్ల కలిసినంక ఇద్దరం స్క్రీన్ ముందల ఉంటే, ఒకరు కొట్టింది ఇంకొకరికి కనబడ్తది.

స్క్రిప్టు ఆడ నడిపిన. మళ్ల నడిపిన. మళ్ల... మోగుతుందో లేదో నాకు వినబడది గదా. "ఉన్నవా? ఒక్క అక్షరం కొట్టు" అని రాసిన.

ఏం లేదు. కర్సర్ మిణుకు మిణుకుమంటున్నది.

ఇగ ఆగలేక స్కూటీ తాళం తీసిన. "అత్తమ్మా, వాగు దాక పోయొస్త."

"గీ వానల ఎటు పోతవే!" అని అత్తమ్మ ఏడుస్తున్నది.

గప్పుడు... స్క్రీన్ మీద ఒక అక్షరం పడ్డది. ఆగింది. ఇంకోటి... ముసలోళ్లు వెతుక్కుంట కొట్టినట్టు. ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగు.

పోకు... బిడ్డా.

మా ఆయన నన్ను బిడ్డా అని ఎందుకంటడు? "ఎవరు?" అని కొట్టిన. పడ్డ అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయినయి. కనెక్షన్ పోయింది. మళ్ల ఎంత చేసినా కలువలే. నేను పోలే... స్కూటీ తాళం మళ్ల జాగల పెట్టిన.

తెల్లారినంక మా ఆయన వచ్చిండు. వాగు అవుతల ఎవరింట్లనో పండుకున్నడట. రాత్రి స్క్రీన్ మీద పడ్డ సంగతి ఆయనకొక్కనికే, అత్తమ్మ లేనప్పుడు చెప్పిన.

"గోదాంల మధ్యాహ్నమే కరెంటు పోయింది. కంప్యూటర్ నేనే బంద్ చేసి తాళమేసిన. నువ్వు రంధిల ఏదో కొట్టుకున్నవ్" అన్నడు.

నేను గూడ గట్లనే అనుకున్న.

అత్తమ్మ చాయ్ ఇచ్చుకుంట అడిగింది: "రాత్రి నిన్ను పోకు బిడ్డా అన్న ముసలాయన ఎవరే?"

అత్తమ్మకు సదువు రాదు. నేను సదివి చెప్పలే.

ఎవరో... ఏందో... ఇప్పటికీ నాకు తెల్వది.