ఈత రానివాడి సామాను

2005 వానాకాలం. పోర్ట్ బ్లెయిర్ నుంచి దీవులకు తిరిగే ప్రయాణికుల ఓడలో నేను డెక్ మీద పనివాణ్ణి. సునామీ వచ్చి కొన్ని నెలలే అయింది. ఆ దీవుల్లో హట్‌బే అనే రేవు ఉంది; అక్కడి జెట్టీ దెబ్బతినడంతో ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. జనాన్ని చిన్న పడవల్లో ఓడ పక్కకు తెచ్చేవారు. అక్కడి నుంచి వాళ్ళు పైలట్ ల్యాడర్ పట్టుకుని పైకి ఎక్కాలి. అంటే తాళ్ళకు చెక్కమెట్లు కట్టి ఓడ పక్కన వేలాడదీసే నిచ్చెన. పడవలో దాని మొదట్లో నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కించడం నా డ్యూటీ.

మాది బొబ్బిలి వైపు మెట్ట ఊరు. నాకు ఈత రాదు. ఓడలో పనిచేసేవాడికి ఈత రాదంటే నవ్వుతారు గాని, లైఫ్‌జాకెట్ తొడుక్కుని ట్రైనింగు గట్టెక్కినవాళ్ళు మాలో ఇంకా ఉన్నారు. సునామీకి ముందు ఆ సంగతి నాకు గుర్తుకు కూడా వచ్చేది కాదు. ఆ తరువాత నీళ్ళు ఓడను కొట్టినప్పుడల్లా అదే గుర్తొచ్చి భయం వేసేది. ఎవరికి చెప్పుకుంటాను? ఆ భయమంతా కోపమై ప్రయాణికుల సామాను మీద పడేది.

సామానంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. ఆ నిచ్చెన ఎక్కాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మనిషికి ఒక్క సంచి, దాన్ని కూడా మేము తరువాత తాడుతో పైకి లాగుతాం. ఈ మాట హిందీలోనూ తెలుగులోనూ ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకాయన ప్రెషర్ కుక్కర్ చంకలో పెట్టుకుని వస్తాడు. ఇంకొకావిడ కొంగులో కోడిని దాస్తుంది.

ఆ రోజు స్వెల్ ఎక్కువగా ఉంది. గాలి లేకపోయినా ఎక్కడో దూరం నుంచి ఉబ్బి వచ్చే అలను స్వెల్ అంటారు. పడవ నిలువెత్తు లేచి పడుతోంది. పడవకూ ఓడకూ మధ్య సందు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అందులో పడ్డ కొబ్బరిబోండం చితికిపోవడం నేను కళ్ళారా చూశాను.

అందరూ ఎక్కాక నూకరత్నం అనే ఆమె మిగిలింది. ఒళ్ళో ఆరేళ్ళ కూతురు. సంచి లేదు, మూట లేదు. ఇన్నాళ్ళకు సామాను లేని మనిషి కనబడిందని సంతోషించాను. ఆమె లేచి నిలబడ్డాక తెలిసింది. మూత గట్టిగా బిగించిన ఖాళీ నూనె డబ్బా, పెద్ద ప్లాస్టిక్‌ది, నైలాన్ తాడుతో పిల్ల నడుముకు కట్టి ఉంది.

"డబ్బా విప్పు దీదీ. అది వేరేగా పంపుతాం."

"ఇప్పను భయ్యా."

"ఖాళీ డబ్బాయే కదా."

"సునామీ రోజు ఈ డబ్బా పట్టుకునే నా పిల్ల తేలింది. అప్పట్నుంచి నీళ్ళకాడికొస్తే ఇప్పనేదు."

డబ్బా ఆ సందులో ఇరుక్కుంటే తాడుతోపాటు పిల్లను కూడా లాగేస్తుందని చెప్పాను. ఆమెకు అర్థమైంది. సందు వైపు చూసింది, డబ్బా వైపు చూసింది. ముడి మీద చెయ్యి వేసింది గాని విప్పడం లేదు. కడితే ఒక భయం, విప్పితే ఇంకో భయం. పైనుంచి మా సెరాంగ్, అంటే డెక్ పనివాళ్ళ పెద్ద, లంగరు ఎత్తాలి త్వరగా కానివ్వమని అరుస్తున్నాడు.

"జల్దీ కరో! లంగర్ ఉఠానా హై!"

వెనక్కి వెళ్ళిపోతారా అని అడిగాను.

"వద్దు భయ్యా. అక్కడ అల చప్పుడికి ఇది నిద్దరోదు, అరుస్తాది. పోర్ట్ బ్లెయిర్ అవతల చౌల్దారీ ఊర్లో మా అన్న ఉన్నాడు. అక్కడికి సముద్రం ఇనబడదంట."

మా దగ్గరున్నవి పెద్దవాళ్ళ జాకెట్లే. పిల్లకు వేస్తే తలమీదుగా ఊడిపోతాయి. ఇక మిగిలిన దారి ఒక్కటే. ముందు డబ్బాను పైకి లాగిస్తాను, పిల్లను నా వీపుకు కట్టుకుని ఎక్కుతాను అన్నాను. అలా కట్టుకోవాలంటే నా జాకెట్ విప్పాలి. విప్పే ముందు ఒకసారి ఆ సందు వైపు చూశాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నీకు ఈతొచ్చా?"

వచ్చని అనడం ఎంతసేపు? కాని ఆ కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాను.

"రాదు."

ఇంక పిల్లను ఇవ్వదనుకున్నాను.

"మా ఆయనకి బాగా వచ్చు" అంది. "ఈతొచ్చు గదాని ట్రంకుపెట్టి కోసం ఎనక్కెళ్ళాడు. మరి రానేదు. నీకు రాదు గాబట్టి గట్టిగా పట్టుకుంటావు."

ముడి తనే విప్పింది. డబ్బాను పైవాళ్ళు లాగేసుకున్నాక, ఆ నైలాన్ తాడుతోనే పిల్లను నా వీపుకు బిగించి కట్టింది.

పడవ అల మీదికి పూర్తిగా లేచినప్పుడు మెట్టు మీద కాలు వెయ్యాలి. వేశాక ఆగకూడదు. ఎందరికో చెప్పిన మాటే, నా దాకా వచ్చేసరికి కాళ్ళు మరిచిపోయాయి. రెండు మెట్లు ఎక్కానో లేదో, కింద పడవ వచ్చి ఓడను ఢీకొట్టింది. నీళ్ళు మోకాళ్ళ దాకా తడిపాయి. పిల్ల గుండె నా వెన్నుకు తగిలి కొట్టుకుంటోంది. చచ్చిపోతామనే అనుకున్నాను. ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు.

"మామా, డబ్బా ఏదీ?" అంది పిల్ల నా చెవిలో.

"పైనుంది. దాన్నే చూడు."

నేనూ దాన్నే చూస్తూ ఎక్కాను. డెక్ మీద సెరాంగ్ తాడు విప్పుతున్నా నా పిడికిళ్ళు తెరుచుకోలేదు. మా వెనకే నూకరత్నం ఖాళీ చేతులతో ఎక్కి వచ్చింది. వచ్చీ రాగానే డబ్బాను మళ్ళీ పిల్ల నడుముకు కట్టి, దారి పొడుగునా పక్కనే కూర్చుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ జెట్టీకి ఆనుకుంది. ఆమె తాడు విప్పితే పిల్ల మెట్లమీదుగా పరుగున దిగిపోయింది. అన్న వచ్చి ఎత్తుకున్నాడు. నూకరత్నం డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేం ఎల్లేది పొలాల్లోకి. నువ్వు మళ్ళీ నీళ్ళమీదకే గదా ఎల్తావు. ఉంచు భయ్యా, నీకు ఈత రాదు."

తీసుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి స్టోర్‌రూంలోకి వెళ్ళాల్సి వచ్చింది.

సామాను తగ్గించుకోమని చెప్పడం నా పని కాబట్టి అది మానలేదు. అయితే అరిచే ముందు, ఇది ఎందుకు తెచ్చుకున్నావని అడగడం అలవాటైంది. కొందరి చేతిలో ఉన్నది సామాను కాదని అడిగితేనే తెలిసేది. నా భయం పోయిందని మాత్రం చెప్పను. సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బా ఓడలో నేను పడుకునే బంకు కిందే ఉంది.

రిటైరై దిగిన రోజు నా సామాను ఒక సంచి, ఆ డబ్బా. పోర్ట్ బ్లెయిర్‌లోని చాతం రేవులో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో మేము స్థిరపడ్డ ఇంటికి చేరాను. మా ఆవిడ గుమ్మంలోనే నవ్వింది.

"ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి ఖాళీ డబ్బా మోసుకొచ్చారేటి?"

"ఖాళీది గనకే తేలుతుంది" అన్నాను.