సిగ్నల్ లేని గల్లీలో ఒక్క రింగు

దయ్యాలు నన్ను పట్టిందీ లేదు, నేను వాటిని పట్టించుకున్నదీ లేదు. నా పని కొలవడం. రాయచూరులో వీధివీధీ తిరిగి, సిగ్నల్ ఎంత ఉంది, కాల్ కలుస్తోందా, వీడియో మధ్యలో ఆగుతోందా అని నాలుగు టెస్ట్ ఫోన్లతో చూసి రాస్తాను. అవి చూపించిందే నాకు వేదం.

కోట వెనక ఒక గల్లీ నుంచి ఫిర్యాదు మీద ఫిర్యాదు వచ్చింది. కారు దూరని గల్లీ. ఫోన్లు సంచిలో వేసుకుని ఎండలో నడిచాను. నాలుగింటిలోనూ సున్నా. ఏ కంపెనీ సిగ్నలూ లేదు.

చివరి ఇంట్లో జొన్నరొట్టెలు చేసి అమ్మే నరసమ్మక్క మంచినీళ్ళిచ్చింది. త్వరలో సిగ్నల్ వస్తుందక్కా అని గొప్పగా చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది.

"వద్దు సారూ. నాకు గా ఒక్క రింగు వస్తే చాలు. ఉన్నదాన్ని ఖరాబ్ చెయ్యకుర్రి."

ఆమె భర్త లారీ డ్రైవరు. అప్పట్లో గల్లీలో కాస్త సిగ్నల్ అందేదట, వెళ్ళిన ఊరు చేరగానే మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్క రింగంటే 'చేరిన' అని అర్థం, ఎత్తకూడదు. రెండేళ్ళ కిందట లారీ బోల్తా పడి చనిపోయాడు. ఆ రోజు రింగు రాలేదు. దినాలైన మర్నాటి నుంచి మాత్రం రోజూ మధ్యాహ్నం రెండింటికి వస్తోందట.

అలారం అయ్యుంటుందని లోపల నవ్వుకున్నాను. రెండు కావస్తోంది కదా అని ఆమె బటన్ల ఫోను అడిగి తీసుకున్నాను. అలారం లేదు. సిమ్ తీసి గుప్పిట్లో పెట్టుకుని, ఫోను గడప మీద పెట్టాను.

సరిగ్గా రెండింటికి ఒక్కసారి మోగి ఆగింది. తెర మీద నంబరు లేదు. మిస్డ్ కాల్స్ జాబితా ఖాళీ. నా నాలుగు ఫోన్లూ అప్పుడు కూడా సున్నాయే చూపిస్తున్నాయి. నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. నా లెక్కకు అందకుండా ఒక ఫోను మోగడమా!

రిపోర్టులో సిగ్నల్ లేదని ఉన్నదున్నట్టు రాశాను. నెలలు నిండిన ఆడవాళ్ళు కూడా ఆటోకి ఫోన్ చేయాలంటే రోడ్డు దాకా నడవాల్సిన గల్లీ అది. అబద్ధం ఎలా రాస్తాను?

అక్కడ చిన్న టవర్ పెట్టాక మళ్ళీ కొలవడానికి వెళ్ళాను. నాలుగు ఫోన్లలోనూ నిండా సిగ్నల్. గల్లీ అంతా సంబరంగా ఉంది. నరసమ్మక్క ఒళ్ళో ఫోను పెట్టుకుని గడపలో కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. రెండు దాటింది. రెండున్నర అయింది. ఫోను మోగలేదు. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాను.

"టవర్ షురూ అయినప్పటిసంది గిట్లనే సారూ," అంది. "రోజూ చేరిన, చేరిన అంటుండె. ఇప్పుడు నిజంగనే చేరిండేమో. మీరు ఫికర్ చెయ్యకుర్రి."

రెండు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

నా కొలతల్లో తప్పు లేదు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. సిమ్ నా గుప్పిట్లో ఉండగా ఆ ఫోను ఎలా మోగిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

దేవదుర్గ ఊళ్ళో పని పడినప్పుడల్లా, అక్కడికి చేరగానే నరసమ్మక్కకు ఒక్క రింగు ఇస్తాను. ఆమె ఎత్తదు.