రోసాకు దక్కిన మెప్పు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఉగాదినాడు మా వియ్యపురాలు పదిమందిలో, "వదినగారికి ఇంగ్లీషు ముక్క రాదు, వంటింట్లో ఉంటేనే నయం" అని నవ్వింది. మూడో తరగతితో చదువాగిన నేను ఆ మాట మరచిపోలేదు. ఇల్లు శుభ్రం చేసే మెక్సికో అమ్మాయి రోసాకు ఆవకాయన్నం పెట్టి, పైసా ఖర్చు లేకుండా స్పానిష్‌లో ఒక్క మాట నేర్చుకున్నాను.

మనవరాలి పుట్టినరోజుకు రోసానూ పిలిచాం. వియ్యపురాలు కొత్త పట్టుచీరలో వచ్చి, "ఎలా ఉన్నాను?" అని అందరినీ అడుగుతోంది. నా దగ్గరికి రాగానే, నేను పక్కనున్న రోసావైపు తిరిగి, "ఎస్తాస్ మూయ్ బొనీతా!" అన్నాను. రోసా సిగ్గుపడుతూ నన్ను వాటేసుకుంది.

"దాన్నేమన్నారు వదినగారూ?"

"చాలా అందంగా ఉన్నావన్నాను."

"మరి నేనో?"

"నాకు ఇంగ్లీషు ముక్క రాదు కదండీ, ఏం చెప్పను!"

అలా అనడం తప్పంటుంది మా అమ్మాయి. ఆవిడ ముఖం గుర్తొస్తే మాత్రం నాకిప్పటికీ కాఫీలో పంచదార అక్కర్లేదు.