రెండు కామాల మధ్య డి.వి.

మా అమ్మకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరిపోయి, పొయ్యిలో మంట ఎటుందో చేతికి తగిలే సెగని బట్టి తెలుసుకుంటున్న రోజులవి. రాస్తున్నావా? యాభైల్లో అని పెట్టు, ఏ సంవత్సరమో నాకు గుర్తులేదు. మాది రొంపిచెర్ల పక్కన పల్లె. నేను బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి, పాస్టరుగారు ఊళ్ళో లేనప్పుడు మా వాడకంతటికీ ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనే.

ఆ పాస్టరుగారే అమ్మ సంగతి మిషను ఆసుపత్రి దొరసానికి రాసి, తను సభలకి వెళ్ళిపోయారు. ఆయన తిరిగి రాకముందే జవాబు కార్డు వచ్చింది. ఒకే ఒక్క ముక్క. "వుయ్ షల్ ఆపరేట్, డి.వి., ఆన్ థర్స్‌డే."

గురువారం ఆపరేషను. అంతవరకూ తెలిసింది. మరి మధ్యలో అటొక కామా, ఇటొక కామా పెట్టుకుని కూర్చున్న ఆ డి.వి. ఎవరు? మా హెడ్మాస్టరు పేరుకి ముందు కూడా అలాగే రెండక్షరాలు ఉండేవి. నాకు ఇంకో అనుమానమే రాలేదు.

"ఆపరేషను చేసేది డి.వి. గారంట నాయనా," అన్నాను.

"ఉత్త డి.వి.యేనా? పేరేందే?"

"పేరు రాయలా."

పక్కింటి పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుని మా అమ్మతో అంది. "పేరు కూడా అక్కర్లేదంటే చానా పెద్దాయనై ఉంటాడక్కా. నీ అదృష్టం."

అప్పటిదాకా కంటికి కత్తి అంటేనే వణికిపోతున్న అమ్మ, ఆ మాట మీద ఒప్పుకుంది. గురువారం వచ్చేలోపు వాడలో డి.వి. గారికి తెల్లమీసాలు కూడా మొలిచాయి.

పేటలో బస్సు మారి ఆసుపత్రికి చేరాం. బల్ల మీద పడుకోబెట్టారు. దొరసాని మాట్లాడుతూ దగ్గరికి వచ్చిందో లేదో, అమ్మ లేచి కూర్చుంది.

"నువ్వు కాదమ్మా. డి.వి. గారు రావాల. ఆయన వచ్చిందాకా నా కన్ను ముట్టనియ్యను."

"ఏ డి.వి. గారు అమ్మా? ఇచ్చట నేనొక్కదాననే వైద్యురాలను," అంది దొరసాని. ఆవిడది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

గుమ్మంలో నిలబడ్డ నాయన నా వంక చూశాడు. నేను గబగబా కార్డు తీసిచ్చాను. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ, దొరసాని నవ్వలేదు.

"ఇది మనుష్యుని పేరు కాదు. లాటిను మాటలకు పొడి అక్షరములు. ఇంగ్లీషులో మేము ఫలానాది చేయుదుము అని రాయునప్పుడు మధ్యన దీనిని ఉంచెదము. దేవుని చిత్తమైతే అని అర్థము."

దేవుని చిత్తమైతే! మా అమ్మ ఆ మాట అనకుండా సంతకి కూడా గడప దాటేది కాదు. "రేపు, దేవుని చిత్తమైతే, మిరపకోతకి పోవాల" అనేది. ఆ మాటకి ముందూ వెనకా కాస్త ఆగేది కూడా. కామాలంటే ఆ ఆగడమే గదా! పొద్దస్తమానం మా ఇంట్లో వినపడే మాట సముద్రాల అవతల రెండక్షరాల్లోకి ముడుచుకుని నా చేతికే వస్తే, నేను పోల్చుకోలేక దానికి డాక్టరు ఉద్యోగం ఇచ్చాను.

"మన దేవుడు అన్న మాట ఇంగ్లీషులో రాసినా డీ, వీ ఉంటాయి గదండమ్మా," అంది నర్సు. నేను వేలితో గాలిలో రాసి చూసుకున్నాను. నిజమే.

అమ్మ ఇంటికి తీసుకుపొమ్మంటుందేమోనని నాయన బిగుసుకుపోయాడు. అమ్మ బల్ల అంచు తడుముకుంటూ అంది.

"అయితే ఆయన వచ్చే ఉన్నాడన్నమాట. ఇంకా రాలేదని నేనే అనుకుంటన్నా. కానియ్యి తల్లీ." అని పడుకుంది.

తల కదలకుండా అటూ ఇటూ ఇసక మూటలు పెట్టి, రోజుల తరబడి అలాగే ఉంచారు. కట్టు విప్పాక మందపాటి కళ్ళద్దం ఒకటి అమ్మ కంటి ముందు పట్టింది దొరసాని. అమ్మ చాలాసేపు నన్నే చూసింది.

"ఏమే, ఇంత పొడుగెప్పుడయ్యావే?" అంది.

చూపొచ్చిన సంగతే మర్చిపోయి, పాత అలవాటున నా మొహమంతా రెండు చేతులతో తడిమింది.