నర్సప్ప కాక మక్కచేను

మా నర్సప్ప కాకకు దేన్ని చూసినా ఒకటే మాట: ఖతం. పెళ్లిపత్రిక చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, పిల్లవాడి బతుకు ఖతమనేవాడు. అశోక్ చౌక్‌లో ఆయన నడిపే మగ్గం ఆగితే ఖతం. నడిస్తే, రేపు ఆగుతుంది కనుక ఖతం. పొద్దున్నే ఆయనతో నాలుగు మాటలాడితే ఇక ఆ రోజు బతకాలనిపించేది కాదు.

అలాంటి మనిషితో కలిసి పక్కింటి చంద్రభాగత్త ఊరవతల పొలం కౌలుకు తీసుకుంది. చెరి సగం మక్కజొన్న వేయాలని. బీడీలు చుట్టీ చుట్టీ అత్తకు దగ్గు పట్టుకుంది. పంట చేతికొస్తే తంబాకు మానేసి, కొంతం చౌక్‌లో కంకులు కాల్చి అమ్ముకోవాలని ఆమె ఆశ. రాకపోతే మళ్లీ ఒళ్లో ఆ బీడీల చేటే గతి.

కాక ముందు తన సగం విత్తాడు. నేతగాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? నూలు దారం లాగి కట్టి, పడుగు పోగుల్లా గింజ పక్కన గింజ పెట్టాడు. ఒత్తుగా ఉంటేనే గుడ్డకు బలమట. మొలిచాక చూస్తే కలుపు తీయడానికి వేలు దూరలేదు. తలపట్టుకుని, అత్త సగంలో మాత్రం సాళ్ల మధ్య మనిషి కూర్చునేంత జాగా వదిలి విత్తాడు.

తనది నిండుగా వేసుకుని నాది బోడిగా వేశాడని అత్త మా ఇంటికొచ్చి ఏడ్చింది.

ఆపైన రోజూ ఆమె గుమ్మంలో కాక నిలబడేవాడు. "గడ్డి లేస్తున్నది చెల్లె. నెల లోపల తియ్యకపోతె నీ చేను ఖతం."

బీడీలు వదిలి పొలం పోయే తీరిక అత్తకేది? "మంచి మాట ఒక్కటన్న రాదా అన్నా నీకు" అని దగ్గుకుంటూ తలుపేసేది. చివరికి ఆశే వదిలేసింది. మేమూ వదిలేశాం.

కంకులు విరిచేనాడు తోడుగా నేనూ వెళ్లాను. అత్త సగంలో గడ్డిపోచ లేదు, కంకులు మోచేయంత ఉన్నాయి. కాక సగంలో గడ్డి నడుము దాకా పెరిగి, మక్కను వెతుక్కోవాల్సి వచ్చింది. మగ్గానికి సెలవు దొరికినప్పుడల్లా ఆయన ఇంట్లో కనిపించకుండా ఎక్కడికి పోయేవాడో అప్పుడర్థమైంది. నీ చేను ముందు చూసుకోవద్దా కాకా అన్నాను.

"నాది ఒత్తుగ ఏసి నేనే ఖరాబ్ చేసుకున్న. మొదటి నెల దాటినంక కలుపు తీసి ఫాయిదా లేదు. రెండు చేతులకు ఒక్క చేనే అయితది" అన్నాడు, ఎవరో పోయినట్టు ముఖం పెట్టుకుని. అత్త ఆయన చేతులు పట్టుకుంది.

కొంతం చౌక్‌లో బండి పెట్టిన రోజు అత్త మొదటి కంకి కాకకే ఇచ్చింది. కొరికి చూశాడు.

"మాడ్చినవ్ చెల్లె. వాన పడ్డదంటె ఈడికి ఒక్కడు రాడు."

అంటూనే కంకిని పళ్లతో పట్టుకుని, చంకలోంచి ప్లాస్టిక్ పరదా తీసి బండికి కట్టడం మొదలుపెట్టాడు.