కంప్యూటరు పేర్చిన పళ్లు, నా హుళహుళి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది నా నోటి సంగతి, నా నోటే వినాలి.

పెళ్లై ఒడిశాలోని రాయగడ వచ్చిన ఏడాదే మా వీధి ఒడియా ఆడవాళ్ల దగ్గర హుళహుళి నేర్చుకున్నాను. శుభకార్యంలో నాలుక ఆడిస్తూ గొంతెత్తి వేసే కూత అది. మా పుట్టింటి వైపు లేదు. అయినా ఈ వీధిలో ఏ పెళ్లికైనా మొదటి కూత నాదే.

పళ్లన్నీ ఊడాక ఒకసారి పక్కూరు కొల్నారలో ఒక పెళ్లిలో నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. మా ఆడపడుచు నవ్వింది.

"ఇంక ఊరుకో వదినా. కూత ఫోన్లో ఎట్టేద్దుం."

మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నపిల్ల. నా దవడ స్కాను తీసింది, నవ్వమని ఫొటో తీసింది. రెండూ కలిపి కంప్యూటర్లో ముందు పళ్లు పేర్చింది. ఆ తర్వాత వాటికి ఆధారంగా ఎముకలో మరలు ఎక్కడ దిగాలో గుర్తులు పెట్టింది. మరలు దించకముందే సరిచూడ్డానికి అచ్చు పళ్లు చేయించి నా చిగుళ్ల మీద పెట్టింది.

అద్దంలో ఎవరో సినిమా ఆమె! కోడలు మురిసిపోయింది. నేను లేచి నిలబడి హుళహుళి వేశాను. నాలుక ముందు పళ్లకి కొట్టుకుని ఆగిపోయింది.

"ఎనకాల దళసరిగున్నాయి. పొడుగూ ఎక్కువే. తగ్గించు అమ్మీ."

"తగ్గిస్తే నవ్వు ఇంత బాగా రాదమ్మా. పళ్లు జరిగితే మరలూ జరగాలి. అక్కడ ఎముక పలచన. ప్లానంతా మళ్లీ మొదటికొస్తుంది."

"రానీ. ఫొటో గోడ మీదుంటాది. నోరు నాకాడుంటాది."

"అత్తా, డాక్టరమ్మకే సెప్తావేటి?" కోడలు నా కొంగు లాగింది.

"సెప్తాను. ఎముక సంగతి ఆయమ్మకి తెలుసు. కూత సంగతి నాకు తెలుసు."

డాక్టరమ్మ తన ఫోను అందుకుంది. "మళ్లీ వెయ్యండి," అని నా నాలుక ఆడే తీరు వీడియో తీసుకుంది.

రెండో అచ్చూ నచ్చలేదు, తీసి చేతిలో పెట్టేశాను. మూడో అచ్చుకి మరల్ని ఎముక మందంగా ఉన్నచోటికి ఏటవాలుగా జరిపి, పళ్లు పొట్టి చేసింది. ఈసారి కూత గది దాటింది. బయట బుగ్గ పట్టుకుని కూర్చున్న గుడారి ఊరి ముసలామె నొప్పి మరిచి తనూ అందుకుంది! ఆ ప్లాను ప్రకారమే మరలు దించారు.

మొన్న తన మనవరాలి పెళ్లిలో ఆడపడుచు ఫోను తీసింది.

"సంచిలో ఎట్టీ," అన్నాను. నోరు తెరిచాను. తర్వాత ఎవరూ ఫోను ఊసెత్తలేదు.

మీ ఇంట శుభాలు వరసగా జరగాలి. ప్రతిదానికీ నోరారా హుళహుళి వేసే మనిషి మీ గడపలో ఉండాలి.